పైకి చదివే ఫోన్

పద్దెనిమిది ట్యాబ్లెట్లను ఒక్క మధ్యాహ్నం బేరంలో సగం ధరకు దించినవాణ్ణి మార్కాపురంలో నేనొక్కణ్ణే. నమ్మకపోతే ఆ డీలర్ని అడగండి, నా పేరు చెబితే ఇప్పటికీ నిట్టూరుస్తాడు. బేరం మధ్యలో రెండుసార్లు కోపం నటించి లేచాను. మొదటిసారి గుమ్మం దాకా, రెండోసారి మెట్ల అంచు దాకా. చూపు లేనివాడు విసురుగా మెట్ల వైపు నడిస్తే అవతలి మనిషికి చెమటలు పడతాయి, ఎక్కడ దొర్లుతాడోనని. ఆ భయానికి కూడా ధర కట్టించుకున్న ఘనుణ్ణి నేను. చివరికి "ఇంతకు మించి పైసా తగ్గదు స్వామీ" అని అతను చేతులెత్తేస్తే, "అట్లయితే డబ్బాల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి గదా, అవి నువ్వే పెట్టుకో, వాటి ఖరీదు తీసెయ్" అన్నాను. పద్దెనిమిది డబ్బాలు విప్పించాను, పద్దెనిమిది జతలు వెనక్కిచ్చాను. ఆ మిగులుతో మా శిక్షణ కేంద్రానికి రెండు ఫ్యాన్లు వచ్చాయి. వాటి గాలి కింద కూర్చుని నన్ను నేను చాలాకాలం మెచ్చుకున్నాను.

నా సర్వీసు మొత్తంలో అంతకంటే చెడ్డ బేరం ఒక్కటే చేశాను. అది కూడా చెబుతాను.

మా నాయనది మార్కాపురంలో కిరాణా దుకాణం. ఏడో ఏట తట్టు పోసి నా చూపు పోయింది. "కళ్లు పోతే పోయినాయి, తూకం వేసే చెయ్యి ఉంది గదా" అని నాయన నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టాడు. అడుగుల చప్పుడును బట్టి మనిషిని, గొంతును బట్టి వాడి జేబును పసిగట్టడం అక్కడే నేర్చుకున్నాను. తర్వాత అంధుల పాఠశాలలో చదివి, టీచర్నై, చివరి పదకొండేళ్లు చూపు లేనివాళ్లకు స్మార్ట్‌ఫోన్ నేర్పే పని చేసి, మొన్న వేసవిలో రిటైరయ్యాను. ఆ పనిలోకి ఇప్పుడు వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్లు మీకెలాగూ మీ పైవాళ్లు నేర్పుతారు. వాళ్లకు వచ్చింది అంతే.

ముందుగా ఒక మాట. మమ్మల్ని దివ్యాంగులు అనమని ఒకసారి కాగితం వచ్చింది. మా నాయన అయితే దాన్ని చదివించుకుని, సరుకు మార్చకుండా సంచి మార్చినారు అనేవాడు. నేను గుడ్డివాణ్ణనే రాసుకుంటాను. మీరు మీ విద్యార్థుల్ని ఏమని పిలిచినా సరే, పని నేర్పండి చాలు.

వేలు ముందు, గొంతు వెనక

కళ్లున్నవాళ్లు "వీళ్లు ఫోన్ ఎట్లా చూస్తారు" అని అడుగుతూనే ఉంటారు. బస్సులో అడుగుతారు, బ్యాంకులో అడుగుతారు, చావు ఇంట్లో కూడా అడిగారు. చూడం, వింటాం. గాజు మీద వేలు పెడితే ఆ వేలి కింద ఏముందో ఫోన్ గొంతు చెబుతుంది. అది మనకు కావలసింది కాకపోతే వేలు జరుపుతాం, అదే అయితే రెండుసార్లు తడతాం. ఇంతే విద్య. ఎవడైనా వారంలో నేర్చుకోవచ్చు, గొంతు వేలితో పాటు నడిస్తే.

నేను సగం ధరకు తెచ్చిన ట్యాబ్లెట్లలో గొంతు వేలి కంటే వెనక నడిచేది. వేలు నాలుగో అక్షరం మీద ఉంటే గొంతు ఇంకా రెండో అక్షరం చెబుతూ ఉండేది. విన్నదాన్ని నమ్మి తడితే మరొకటి పడేది. అమ్మకు ఫోన్ చేయబోయి అంబులెన్సుకు చేసినవాళ్లున్నారు. "వేలు పెట్టి ఆగండి, గొంతు వచ్చిందాకా ఊపిరి బిగబట్టండి" అని నేను నేర్పాను. పైగా దానికి ఏకాగ్రత అని పేరు పెట్టాను. నాసిరకం సరుకు కొన్నవాడు దాన్ని సుగుణంగా చెప్పుకోవడంలో ఏ వ్యాపారికీ తీసిపోడు.

ఫోన్లలో యాప్‌లు తయారుచేసే మహానుభావుల సంగతి వేరు. మా దుకాణంలో చక్కెర డబ్బా ఎడమన, ఉప్పు డబ్బా కుడిన ఉండేవి. నా చేతికి తెలుసు. వీళ్లు అప్‌డేట్ అనే పేరుతో నెలకోసారి దుకాణంలో దూరి డబ్బాలన్నీ తారుమారు చేసి, పైన అంటించిన చీటీలు కూడా పీకేసి పోతారు. అప్పుడు వేలు ఎక్కడ పెట్టినా ఫోన్ "పేరు లేని బటన్, పేరు లేని బటన్" అంటుంది. డబ్బు పంపే బటనుకు కూడా పేరుండదు. తర్వాత, నువ్వు యంత్రానివి కాదు మనిషివేనని రుజువు చేసుకో, ఈ బొమ్మల్లో బస్సులు ఎక్కడున్నాయో చూపించు అంటారు. కంభం బస్సు ఏదో పదిమందిని అడిగి ఎక్కేవాణ్ణి, నేను మనిషినని ఎట్లా రుజువు చేసేది?

కానీ ఒక్క విషయంలో ఆ మహానుభావులకు నాకంటే బుద్ధి ఉంది. ఇయర్‌ఫోన్ పెట్టకుండా పిన్ నంబరు కొడితే ఫోన్ అంకెలు పైకి చెప్పదు. "చుక్క, చుక్క, చుక్క" అంటుంది, పక్కవాడు వినకుండా. మా దగ్గర ఇయర్‌ఫోన్లు లేవు కదా, పిల్లలకు తామేం కొడుతున్నారో తెలియక ఏడుపొచ్చేది. నేను లోపలి అమరికలన్నీ వెతికి, "రహస్య అంకెలు కూడా పైకి చదువు" అనే దాన్ని పట్టుకుని, పద్దెనిమిదింటిలోనూ ఆన్ చేశాను. తెర ఆరిపోయి ఉన్నా వచ్చిన మెసేజ్ దానంతట అదే చదివే అమరిక ఇంకొకటి. అదీ ఆన్ చేశాను. క్లాసంతా తిరుగుతూ నాకు అర్థం కావాలి కాబట్టి గొంతు వేగం బాగా తగ్గించాను. పద్దెనిమిది గొంతులు ఒక్కసారి మొదలుపెడితే మా గది కంభం సంత. అందులో ఎవరి తప్పు ఎక్కడుందో చెవితో పట్టేవాణ్ణి. అబ్బో, నాకెంత గర్వమో.

వాళ్లు ఆ అమరికలు ట్యాబ్లెట్లలో నేర్చుకుని, ఇంటికి పోయి సొంత ఫోన్లలో పెట్టుకున్నారు. నేనే పెట్టుకోమన్నాను.

ఫోటో కోసం వెలిగించిన తెరలు

మా కేంద్రానికి పైనుంచి ఒక డైరెక్టర్ వచ్చేవాడు. ఆయన వచ్చినప్పుడల్లా సెంటు వాసన ముందు వచ్చేది, "పాపం" అనే మాట తర్వాత వచ్చేది, కెమెరా చివర వచ్చేది. ఒకసారి అందరికీ ట్యాబ్లెట్లు పట్టించి నిలబెట్టి, "ఇదేంటి, అన్నీ నల్లగా ఉన్నాయి? చెడిపోయాయా?" అన్నాడు.

చెడిపోలేదు. మేం తెరను చీకటి చేసి వాడతాం. మాకు వెలుగుతో పని లేదు, బ్యాటరీ మిగులుతుంది, పక్కవాడు తొంగిచూసినా ఏమీ కనపడదు. ఇదంతా చెప్పాను.

"అదంతా సరేనండీ, ఫోటోలో బాగుండదు. వెలిగించండి" అన్నాడు.

వెలిగించాం. సగం మంది తలకిందులుగా పట్టుకున్నారట. అది మాత్రం ఆయనకు నచ్చింది, సహజంగా ఉందన్నాడు. అప్పుడు చివరి బెంచీ నుంచి ఒక ఆడగొంతు, "సార్, మీరు మా మొకాలు తీస్తాండారా, తెరలు తీస్తాండారా? తెరలయితే మేము కూసుంటాం, కాళ్లు పీకుతాండాయి" అంది.

అది సువార్త. పుల్లలచెరువు మండలంలో అడవి అంచు పల్లె. ఇంటర్ పాసైంది. అమ్మానాయనలు లేరు, మేకల వ్యాపారం చేసే అన్న దానియేలు ఇంట్లో ఉంటుంది. వదిన కూలికి పోతే పిల్లల్ని చూసేది, వండేది. ఆమె వికలాంగుల పింఛను ఆ ఇంటి ఖర్చులో కలిసిపోయేది. అందులోంచి ఎన్నో నెలలు కొంచెం కొంచెం దాచుకుని ఫోన్ కొనుక్కుంది. నా పదకొండేళ్లలో అంత త్వరగా నేర్చుకున్న మనిషి ఇంకొకరు లేరు. మొదటివారంలోనే నన్ను అడిగింది.

"ఇయర్‌ఫోన్లు లేవా సార్? మా ఇంట్లో ఒకే అర్ర. అందరూ వింటాంటారు."

నేను మా ఫ్యాన్ల కింద నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. "చెవులు కూడా మూసుకుంటే మనం రోడ్డు మీద బతకం సువార్తా. అయినా ఇంట్లోవాళ్ల దగ్గర దాపరికం ఏంది?"

"ఇంట్లోవాళ్ల దగ్గరే సార్ దాపరికం. బయటోళ్లకు నాతో ఏం పని?" అంది.

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వేసి పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ ఒక్క ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. ఒక చెవిలో పెట్టుకో, ఇంకో చెవి రోడ్డుకు వదిలెయ్ అంటే సరిపోయేది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదా? తెలుసు. నేను అలాగే వాడేవాణ్ణి.

పదిమంది విన్న మెసేజ్

చూపు లేని ఆడవాళ్లకు కేటాయించిన ఒక ఉద్యోగం పడింది, జిల్లా ఆఫీసులో. పర్మినెంటు. సువార్త తన ఫోన్లో తానే దరఖాస్తు నింపింది. పేరు లేని బటన్లు దాటుకుంటూ, ఫోనుకు వచ్చే అంకెలు అక్కడ కొట్టేలోపు గడువు అయిపోతుంటే మళ్లీ మొదలుపెడుతూ, మూడు మధ్యాహ్నాలు కూర్చుంది. నన్ను వేలు పెట్టనివ్వలేదు. అన్నకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు: ఆమె పోతే పింఛను పోతుంది, పిల్లల్ని చూసే మనిషి పోతుంది. ఎంపిక జాబితాలో మొదటి పేరు ఆమెది. ఇక సర్టిఫికెట్లు పట్టుకుని పిలిచిన రోజు పోవడమే మిగిలింది. కబురు వచ్చాక బట్టలు సర్దుకుని, బస్సెక్కే ముందు చెబుదామనుకుంది.

తర్వాత జరిగింది నాకు ఆమె వదిన కరుణమ్మ చెప్పింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు గారి కుటుంబాన్ని భోజనానికి పిలిచారు. వసారాలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. సువార్త లోపల అన్నం వడ్డిస్తోంది. ఫోన్ వసారాలో గూట్లో ఉంది. మెసేజ్ వచ్చింది. తెర ఆరిపోయి ఉన్నా చదవమని కదా మన అమరిక, చదివింది. నిదానంగా చదవమని కదా మన వేగం, ఒక్కో ముక్కా విడదీసి, చంటిపిల్లకు చెప్పినట్టు చదివింది. మీరు ఎంపికయ్యారు. వచ్చే సోమవారం ఉదయం పదిన్నరకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలి. రాకపోతే మీ తర్వాతి వారికి అవకాశం ఇస్తాం.

పాస్టరు గారు "దేవునికి స్తోత్రం" అన్నాడట. అందరూ వెళ్లాక దానియేలు ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ ఫోన్ గతి కూడా వినండి. మర్నాడు దాన్ని ఒక సెల్ షాపుకు తీసుకుపోయాడు. షాపువాడు చూస్తే తెర నల్లగా ఉంది, ముట్టుకుంటే మాట్లాడుతోంది, తెరవబోతే తెరుచుకోదు. వాడి జన్మలో అలాంటి జబ్బు చూడలేదు. వైరస్ పట్టిందని చెప్పి, లోపల ఉన్నదంతా తుడిచేసి, కొత్తదానిలాగా చేసి చేతిలో పెట్టాడు. గొంతు పోయింది, తెర వెలిగింది. సాయంత్రానికి దానియేలు పిల్లలు అందులో బొమ్మలు చూస్తున్నారు. సువార్తకు అది ఒట్టి గాజు ముక్క అయిపోయింది.

గురువారం నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కరుణమ్మ దగ్గరున్న పాత బటన్ల ఫోన్. సువార్తకు నా నంబరు నోటికి వచ్చు. వేళ్లతో బటన్లు తడుముకుని కొట్టింది.

"సార్, మా వదిన నీళ్లకు పోయేలోపల చెప్పాల. సోమవారం నేను యాడుండాల్నో మీకు తెలుసు. నన్ను తీసకపోండి" అంది. అంతే, పెట్టేసింది. ఎంపికైనవాళ్లను సోమవారం పిలుస్తున్నారని నేను కేంద్రంలో అప్పటికే విన్నాను.

తువ్వాలు కింద

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాను. రెండు బస్సులు, ఒక ఆటో. దారి పొడవునా నాకు భయం లేదు, ఉత్సాహం. మేకల వ్యాపారితో బేరం! డీలర్లను ఏడిపించినవాణ్ణి, వీడెంత?

దానియేలు మర్యాదస్తుడు. మంచం వేశాడు, మజ్జిగ ఇప్పించాడు. సువార్త వాకిలి దగ్గర నిలబడింది. గాజుల చప్పుడు లేదు కానీ, ఆమె ఊపిరి నాకు తెలుసు.

"నేనేం పోవద్దనలేదు సార్" అన్నాడు దానియేలు. "కండ్లు లేని పిల్ల, ఒక్కతి, టౌన్లో. రేపేమన్నా అయితే నన్నంటారు ఊరోళ్లు. ఈ యేడు వాన లేదు, నీళ్ల ట్యాంకరుకు కూడా దుడ్లే. మేకలమ్ముకుంటాండా. నా బాధ నీకేం తెలుసు?"

"నీ బాధకు ధర ఎంత అబ్బయ్యా?" అన్నాను. సరదాగా అన్నాననుకున్నాను.

అతను నవ్వాడు. భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

తెలియనివాళ్లకు చెబుతాను. మా వైపు పశువుల సంతలో బేరం నోటితో ఆడరు. తువ్వాలు కింద చేతిలో చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, గుప్పిట మొత్తం పడితే ఐదు. చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలియదు. చిన్నప్పుడు నాయన వెంట సంతకు పోయి నేను పడిచచ్చిన విద్య అది. కళ్లున్నవాడూ లేనివాడూ సరిసమానంగా ఆడే ఒకే ఒక్క బేరం. దానియేలు వేళ్లు తగలగానే నాకు పదేళ్ల వయసు వచ్చేసింది.

అతను గుప్పిట మొత్తం పట్టాడు. నెలకు ఐదు వేలు, సువార్త జీతంలోంచి అని చెప్పకుండానే ఇద్దరికీ తెలుసు. నేను ఒక వేలు పట్టాను. అతను నాలుగు. నేను చెయ్యి లాక్కున్నట్టు చేసి మళ్లీ పెట్టాను. రెండు. అతను నా మధ్యవేలు నొక్కి వదలలేదు. మూడు దగ్గర ఆగాం. రెండేళ్లు అని అరచేతిలో గీశాను. ఒప్పుకున్నాడు.

ఇంతసేపూ ఆ వాకిట్లో ఒక్క మాట లేదు. సువార్త గొంతు వచ్చింది.

"ఏంది సార్, మాటలు నిలబడిపాయె? ఏం జరుగుతాంది?"

"అయిపోయింది సువార్తా. నువ్వు పోతాండావు."

"ఎట్ల అయిపోయింది? ఎవురు మాట్లాడినారు?"

కరుణమ్మ మెల్లగా, "తువ్వాలు ఏసినారమ్మే" అంది.

"ఎంతకు?" అంది సువార్త.

"మూడు. రెండేళ్లు. ఐదు అడిగినాడు, మూడుకు దించినా." ఆ దించినా అనేటప్పుడు నా గొంతులో ఎంత సంబరమో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"మేకకయినా కండ్లుంటాయి సార్, తువ్వాలు ఏసినారని చూసుకుంటది" అంది. "నా జీతం నేను ఒక నెలన్నా తీసుకోకముందే మీరిద్దరూ పంచుకున్నారా? సరే, పంచుకున్నారు. సంచి సర్దుకోనే ఉన్నా. సర్టిఫికెట్లు కూడా దాంట్లోనే పెట్టుకున్నా. ఇప్పుడే మీతో వస్తా, పదండి."

దానియేలు, "ఈ పొద్దు యాడికి? ఆదివారం చర్చి కాంగానే నేనే తోలకచ్చి మార్కాపురంలో దింపుతా. సారుకు మాటిచ్చినా గదా" అన్నాడు.

"సార్, ఇప్పుడే పోదాం" అంది సువార్త.

ఇక్కడ నేను ఏం చేశానో, ఎందుకు చేశానో దాచకుండా రాస్తాను. మూడు రాత్రులు ఆమెను ఎవరింట్లో ఉంచాలి అని ఆలోచించాను. పెళ్లి కాని పిల్లను వెంటబెట్టుకొచ్చాడంటారని ఆలోచించాను. ఇద్దరు గుడ్డివాళ్లం రెండు బస్సులు మారాలని ఆలోచించాను. వీటన్నిటికంటే ముందు, తువ్వాలు కింద కుదిరిన బేరాన్ని అనుమానిస్తే మర్యాద కాదని ఆలోచించాను. దుకాణాల్లో పెరిగినవాడికే వచ్చే తెగులు ఇది. మాట కుదిరితే సరుకు చేతికొచ్చినట్టే అనుకుంటాడు.

"మీ అన్న మాటిచ్చినాడమ్మా. ఆదివారం వచ్చేయ్" అన్నాను.

ఆమె లోపలికి పోయిన అడుగుల చప్పుడు విన్నాను.

ఆటో ఎక్కి పుల్లలచెరువు దాటాక గుర్తొచ్చింది. బేరంలో అన్నీ అడిగాను, ఫోన్ అడగలేదు. లోపలే ఉంది. రెండు బటన్లు కలిపి కాసేపు నొక్కితే దాని గొంతు తిరిగి వచ్చేది. పదకొండేళ్లు గుడ్డివాళ్లకు ఫోన్ నేర్పిన పంతులు, ఒక గుడ్డిపిల్ల ఫోన్ ఆమె చేతిలో పెట్టకుండా ఇంటికి వచ్చాడు. ఆటో వెనక్కి తిప్పమనలేదు. ఆదివారం ఎలాగూ వస్తుంది కదా అనుకున్నాను.

సోమవారం

ఆదివారం సాయంత్రం రాలేదు. సోమవారం తెల్లారి బస్టాండుకు పోయి కూర్చున్నాను. అటువైపు నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరా నిలబడి "సువార్తా" అని పిలిచాను. రెండో బస్సు కండక్టర్, "ప్రార్థన యాడ పెద్దయ్యా?" అని అడిగాడు. మూడో బస్సు తర్వాత పిలవడం మానేశాను. దానియేలు ఫోన్ స్విచ్ ఆఫ్. కరుణమ్మ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలాను. నిజాయితీపరుడైన గుమాస్తా, రూలు చదివి వినిపించాడు. పదిన్నర అయింది. సాయంత్రం జాబితాలో రెండో పేరు మొదటిదయింది.

దానియేలు ఏ దుర్మార్గమూ చేయలేదు. చెయ్యి చేసుకోలేదు, గది తాళం వేయలేదు. ఆదివారం చర్చి అయ్యాక సర్టిఫికెట్ల సంచి పట్టుకుని, మేకలు తోలుకుని రాచర్ల వైపు పోయాడు. మంగళవారం తిరిగొచ్చాడు. అంతే.

నెల తర్వాత మార్కాపురంలోనే ఎదురుపడ్డాడు. నాకు తెలిసేది కాదు, అతనే పలకరించాడు. నేను బస్టాండులో అందరూ వినేలా తిట్టాను. మాట తప్పినవాడివి, నీతో చెయ్యి కలపడమే నా తప్పు అన్నాను. ఓపిగ్గా విన్నాడు.

"నేను మాట యాడ తప్పినా సార్?" అన్నాడు. "ఆ మూడు వేలు ఎవురిస్తారు? సువార్త. సువార్త ఒప్పుకుందా? మేకను కొనేటప్పుడు దాని ఆసామి చెయ్యి పట్టుకోవాల గానీ, పక్కనున్నోడి చెయ్యి పట్టుకుంటే అది బేరమైతాదా? ఆ పిల్ల గొంతు విన్నాంక నాకర్థమయింది, మూడు కాదు, ముక్క కూడా ఇయ్యదని. నువ్వు ఇంత పెద్దోడివి, ఎరగవా?"

ముప్పై ఏళ్లు బేరాల మీద బతికిన కుటుంబంలో పుట్టాను. నాకు ఆ మాట మేకలవాడు చెప్పాల్సి వచ్చింది.

ఆమె చెప్పిన పాఠం

నాలుగు నెలలకు సువార్త తనంతట తానే వచ్చింది. కరుణమ్మ ఆటో దాకా తెచ్చి వదిలి, ఆ ఫోన్ కూడా పిల్లల దగ్గర లాక్కుని చేతిలో పెట్టిందట. దానియేలు ఇంట్లోనే ఉన్నాడట, లేవలేదట.

నేను సంజాయిషీ మొదలుపెట్టాను. "అయ్యన్నీ వద్దు సార్" అంది. "కొత్త బ్యాచి ఉంది గదా. ఒక గంట నాకియ్యండి."

ఇచ్చాను. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆమె ముందు నిలబడి చెప్పింది.

"మీ కాడ ఇయర్‌ఫోన్లు ఎన్ని ఉండాయి? లేవా? అన్నం మానేసన్నా కొనండి. ఒక చెవిలోనే పెట్టుకోండి. తెర ఆరినాక మెసేజ్ చదివే అమరిక ఇప్పుడే ఆపండి. పిన్ పైకి చదివేదీ ఆపండి. మాట వేగం పెంచండి, పక్కనోడికి గొణిగినట్టుండాల, మీకు తెలిస్తే చాలు."

ఎవరో, "సారుకు వినపడాల గదక్కా, తప్పులు దిద్దేదానికి?" అన్నారు.

"సారుకు అస్సలు వినపడనియ్యొద్దండి" అంది.

గది గొల్లుమంది. నేను కూడా నవ్వాలి కదా, నవ్వు రాలేదు. ఒక్కొక్క గొంతే ఆగిపోతూ, పదకొండేళ్లలో మొదటిసారి నా క్లాసు నిశ్శబ్దమైంది. నాకు ఎవరేం చేస్తున్నారో తెలియలేదు. అందరికీ వాళ్లేం చేస్తున్నారో తెలుసు. మీరు నేర్పబోయే విద్య ఇదే. మీ విద్యార్థి ఫోన్ మీకు వినపడుతోందంటే మీరింకా నేర్పలేదని అర్థం. వాళ్ల తరఫున మీరెవరితోనూ చెయ్యి కలపకండి. వాళ్లు "ఇప్పుడే పోదాం" అంటే లేవండి, ఎక్కడ పడుకోవాలో బస్సులో ఆలోచించవచ్చు.

లెక్క

ఇప్పుడు లెక్క. బేరగాణ్ణి, కలిపి చూసుకోకుండా లేవలేను.

నా దగ్గర ఫోన్ నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఇవాళ సొంతంగా మాట్లాడుకుంటున్నారు, పాటలు వింటున్నారు, బస్సు టైము చూసుకుంటున్నారు. అది నా ఖాతాలో వేసుకుంటాను. వాళ్లలో కొందరి పిన్ నంబరు ఇప్పటికీ కొడుక్కో అల్లుడికో నోటికి వచ్చు, నేను పైకి చదివించడం వల్ల. ఎందరో నాకు తెలియదు. తెలుసుకుందామని ఫోన్ చేయడం మొదలుపెట్టి, నలుగురి తర్వాత ధైర్యం చాలక మానేశాను.

సువార్త ఇప్పుడు గిద్దలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే పని చేస్తోంది. ఆడవాళ్ల హాస్టల్లో ఉంటుంది. అన్నకు డబ్బు పంపుతుందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమెకొచ్చే జీతం, రావలసిన గవర్నమెంటు జీతంలో మూడో వంతు. ఆ తేడా ఈ నెల పోయింది, వచ్చే నెల పోతుంది, ఆమెకు అరవై ఏళ్లు వచ్చేదాకా నెలనెలా పోతూనే ఉంటుంది. నాకు ఆ సంవత్సరం రావలసిన ఇంక్రిమెంటు వేళకు వచ్చింది. మొన్న పింఛను మంజూరైంది. ఆ శుక్రవారానికి నా దగ్గర ఎవరూ ఒక్క పైసా పట్టుకోలేదు. మొత్తం ఆమె దగ్గరే పట్టుకుంటున్నారు.